కొండెక్కిన చుక్క

ఆ రోజు ప్రణాళిక అంతా ఒక్క కాగితం మీద ఉంది. పదింటికి బస్సు దిగడం. పదింబావుకి టీ. పదిన్నరకి వేడినీటి స్నానం, మనిషికి పది నిమిషాలు. పదకొండుంబావుకి జిల్లా కార్యాలయం నుంచి అమానుమాగారు తనిఖీకి రావడం. పన్నెండున్నరకి భోజనం. కుజె మినోరి ఆ కాగితాన్ని తెల్లారినప్పటి నుంచి పదకొండుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ అందులో కొత్తగా ఒక చావు కనబడింది. టీ పొలమారవచ్చు. మెట్టు జారవచ్చు. నీళ్ళలో గుండె ఆగవచ్చు. భోజనంలో జిగురు బియ్యపు మోచి ముద్ద ఏదైనా పెడతారేమో, అది గొంతుకి అడ్డం పడుతుందేమోనని సత్రం వంటింటికి రెండుసార్లు ఫోన్ చేసి, పెట్టబోమని మాట తీసుకుంది.

మినోరికి ముప్పయ్యారేళ్ళు. కాలేజీలో ఏటికేడు ఒప్పందం మీద పనిచేసే పరిశోధకురాలు. ఆమె పరిశోధన పేరు ఒక్క ఊపిరిలో చెప్పడం కష్టం. డిజిటల్ సాంకేతికత, పర్యాటకం, వ్యాపార నిర్వహణ, సామాజిక సంరక్షణ, నాలుగూ అందులో ఉన్నాయి. విడమరిచి చెబితే సంగతి చిన్నదే. వృద్ధాశ్రమంలో ఉన్నవాళ్ళకీ నాలుగూళ్ళు తిరగాలని ఉంటుంది. తీసుకెళ్ళడానికి ఆశ్రమంవాళ్ళకి భయం. రానివ్వడానికి సత్రాలవాళ్ళకి భయం. అదే ఒక్కొక్కరి చేతికి ఒక పట్టీ కడితే, ఎవరెక్కడ ఉన్నారో, ఎవరి నాడి ఎలా కొట్టుకుంటోందో ట్యాబ్‌లో చుక్కలుగా కనబడుతుంది. అందరి భయమూ పోతుంది, ఖాళీ సత్రాలు నిండుతాయి.

భయం పోతుందని తన ప్రతిపాదనలో తొమ్మిదిచోట్ల రాసిన మనిషికి తన భయం మాత్రం పోలేదు. కిందటేడు వేరే ఊళ్ళో చేసిన ప్రయోగంలో ఒక పెద్దాయన నీళ్ళలో స్పృహ తప్పాడు. నాలుగు నిమిషాల్లో తేరుకుని ఐస్‌క్రీమ్ అడిగాడు. మినోరి మాత్రం ఆ నాలుగు నిమిషాల నుంచి ఇప్పటికీ బయటపడలేదు. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని రెండు రంగుల పట్టీలు చేయించింది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఎరుపు. ఫరవాలేదన్నవాళ్ళకి నీలం. నలుగురు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు, మొత్తం ఎనిమిదిమందికీ ఆశ్రమంలోనే తన చేత్తో తనే కట్టింది.

వేడినీటి ఊటల ఊరు యునోసావాలో బస్సు సరిగ్గా పదింటికే ఆగింది. సత్రం యజమానురాలు షిబాయామా సుగి గుమ్మంలో వంగి నమస్కారం పెట్టింది. అరవై దాటిన మనిషి, కిమోనో మడత నలగదు, నోరు ఊరుకోదు.

"చూడండి సుగిగారూ," అంది మినోరి గొంతు తగ్గించి. "ఎర్ర పట్టీ ఉన్నవాళ్ళని గుమ్మం దాటనివ్వకండి. నీలం పట్టీవాళ్ళు కావాలంటే కాస్త తిరిగి రావచ్చు. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు."

"ఎరుపు వద్దు, నీలం ముద్దు. నలభయ్యేళ్ళుగా ఈ గుమ్మంలో కూర్చుంటున్నాను తల్లీ. నా కన్ను దాటి పిల్లి కూడా పోలేదు."

టీలు అయ్యాయి. ఎవరికీ పొలమారలేదు. ఆశ్రమంలో పనిచేసే హిరుమా మగవాళ్ళని నీలం తెర వేలాడే గుమ్మంలోంచి తీసుకెళ్ళాడు. సత్రం పనిమనుషులిద్దరు ఆడవాళ్ళని ఎర్ర తెర లోపలికి తీసుకెళ్ళారు. మినోరి హాల్లో ఒక మూల కూర్చుని ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుంది.

పదీ నలభై అయిదుకి ఒక చుక్కని చూసి ఆమె ట్యాబ్‌ని కళ్ళ దగ్గరికి లాక్కుంది. ఒనోదెరా. ఎనభై నాలుగేళ్ళు, ఒకప్పుడు రైలు గార్డు, గుండెకి రెండుసార్లు ఆపరేషన్ అయిన మనిషి. ఆయన చుక్క ఆడవాళ్ళ స్నానాల గదిలో ఉంది. నాడి నూట పద్దెనిమిది.

ఆమె ఎర్ర తెర దాకా పరిగెత్తింది. తెర ముందు ఆగిపోయింది. లోపల ఏం కనబడుతుందోనని కాళ్ళు ముందుకి పడలేదు. వెనక్కి తిరిగొచ్చి సుగి చెయ్యి పట్టుకుంది.

"సుగిగారూ, ఒక్కసారి లోపలికెళ్ళి చూడండి. ఆడవాళ్ళ మధ్య ఒక పెద్దాయన ఉన్నాడు."

"మా సత్రంలోనా?" సుగి కనుబొమలు జుట్టులోకి వెళ్ళిపోయాయి. ఆమె విసవిసా లోపలికెళ్ళి, అంతే విసవిసా తిరిగొచ్చింది. "మగాడు లేడు, మగాడి నీడ లేదు. మీవాళ్ళూ, ఊళ్ళోంచి రోజూ వచ్చేవాళ్ళూ కలిసి ఓ ఆరేడు తలలున్నాయి. అన్నీ తెల్లతలలే, అన్నిటి మీదా తువ్వాళ్ళే. ఆవిరిలో అంతకంటే ఏం కనబడుతుంది?"

"మరి ఇక్కడ చూపిస్తోందే!"

మగవాళ్ళ వైపు నుంచి హిరుమా తడిచేతులతో బయటికొచ్చాడు. యాభయ్యేళ్ళ భారీ మనిషి. పిడుగు పడ్డా "పడిందా" అంటాడు తప్ప అదిరిపడే రకం కాదు. "ఒనోదెరాగారా? అందరికంటే ముందే లేచి బట్టలేసుకున్నారు మేడమ్. హాల్లో మీ దగ్గరే ఉన్నారనుకున్నా."

"సుగిగారూ, బయటికేమైనా..."

"ఎర్ర పట్టీ ఒక్కటి కూడా నా గుమ్మం దాటలేదు. ఒట్టు."

సరిగ్గా అప్పుడే ట్యాబ్ కీచుమంది. మినోరి కిందికి చూసింది. నూట పద్దెనిమిది ఉన్నచోట ఏమీ లేదు. గీత తిన్నగా సాగిపోతోంది.

మనిషి ఆ గదిలో ఉన్నాడు, కానీ పైకి కనబడడం లేదు. నాడి లేదు. యునోసావా నీళ్ళు గంధకపు నీళ్ళు, గంజిలా తెల్లగా ఉంటాయి. మోకాలి లోతులో ఏముందో పైనుంచి చూస్తే తెలియదు.

"అడుగున ఉన్నారు," అంది మినోరి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు. "నీళ్ళు వదిలెయ్యండి. ఇప్పుడే. తూము తీసెయ్యండి!"

"పట్టపగలు తూము తీస్తే మళ్ళీ నిండడానికి సాయంత్రమవుతుంది తల్లీ! మా అత్తగారు పోయిన రోజున కూడా తియ్యలేదు!"

"తియ్యండి!"

సుగి తూము తీసింది. లోపల్నుంచి ముసలమ్మల తిట్లు అలలు అలలుగా వచ్చాయి. "చలికి చంపుతారటే!", "ఇదేం మర్యాద!", "ఇంకా వీపు కూడా తడవలేదు!" మినోరి తెర బయట కళ్ళు మూసుకుని నిలబడింది. నీళ్ళు గడగడమంటూ దిగుతున్న ప్రతి క్షణమూ కిందటేటి పెద్దాయన మొహం కళ్ళ ముందు తేలింది. పదిహేను నిమిషాలకి సుగి గొంతు వినబడింది.

"ఒక దువ్వెన. రెండు పిన్నులు. ఒక కట్టుడు పళ్ళ వరస. మనిషి లేడు."

మినోరి గోడకి చేరగిలబడింది. ఊపిరి తీసుకునేలోపు ట్యాబ్ ఇంకో చుక్కని చూపించింది. త్సునె. ఎనభై ఎనిమిదేళ్ళు. నీలం పట్టీ. గుండె గట్టిదేగానీ మోకాళ్ళు లేవు. కర్ర పట్టుకుని గది దాటడానికే పావుగంట పడుతుంది. ఆ త్సునె చుక్క సత్రం దాటి, కాలువ దాటి, కొండ మీదికి పోతోంది. అదీ చకచకా.

"సుగిగారూ, నీలం పట్టీ... ఎవరైనా బయటికి..."

"ఆ, నీలం పట్టీవారు ఒకరు వెళ్ళారు. నేనే బూట్లిచ్చాను. మీరేగా వెళ్ళొచ్చన్నది."

"కొండెక్కేస్తున్నారు!" అంది మినోరి. అన్నాక ఆ మాటకి తనే ఝడుసుకుంది. "ఆ మోకాళ్ళతో ఎలా ఎక్కుతారు?"

"నేను కాళ్ళకి బూట్లిచ్చాను గానీ మోకాళ్ళు చూళ్ళేదు." సుగి ట్యాబ్ మీదికి వంగింది. చుక్క కాలిబాట వదిలేసి పొదల్లోకి తిరిగి, తిన్నగా ముందుకి సాగింది. సుగి మొహంలో రంగు మారింది. "అటు దారి లేదే. వెదురుపొదలు తప్ప ఏమీ లేవు. ఆ దిక్కుకి మనుషులు పోరు."

"మరి?"

"పోయిన వారం ఆ పైన పళ్ళచెట్టుకి గోళ్ళ గీతలు కనబడ్డాయి."

హిరుమా చుక్కనే చూస్తూ నోరు విప్పాడు. "నడిచిపోవడం కాదేమో మేడమ్. ఏదో ఈడ్చుకుపోతోందేమో."

మినోరి "ఎలుగుబంటి కావచ్చా?" అని అడిగింది. సుగి పంచాయతీ కార్యాలయానికి ఫోన్ చేసి "ఎలుగుబంటి" అని చెప్పింది, పోయిన మనిషి వివరాలు మినోరి చెప్పింది. అయిదు నిమిషాలకి ఊరంతా వినబడేలా మైకులు మోగాయి: "ప్రజలకి హెచ్చరిక. ఎనభై ఎనిమిదేళ్ళ మహిళను ఎలుగుబంటి ఎత్తుకుపోయింది. ఎవరూ ఇళ్ళలోంచి బయటికి రావద్దు." దడదడమని దుకాణాల షట్టర్లు దిగిపోయాయి. మిఠాయిలు కొంటున్న విహారయాత్రికులు మిఠాయి దుకాణంలోనే ఉండిపోయారు. వంతెన దగ్గర బస్సుల్ని ఆపేశారు. టోఫు అమ్ముకునే ఇకారి, ఊరి వేటగాళ్ళకి ఆయనే పెద్ద, గరిటె పక్కన పెట్టి తుపాకీ అందుకుని నలుగురితో కొండ వైపు బయల్దేరాడు. ఎత్తుకుపోయింది ఒకర్ని కాదు, ఇద్దర్నట అన్న కబురు ఎగువ ఊళ్ళోంచి అప్పటికే తిరిగి సత్రానికి వచ్చేసింది. ఆ రెండో మనిషి ఒనోదెరాయేనని మినోరికి అనుమానం లేకుండా పోయింది.

ఫోన్ మోగింది. అమానుమా.

"కుజెగారూ, బస్సు వంతెన దగ్గర ఆపేశారండీ. ఎందుకో ఎవరూ చెప్పడం లేదు. తనిఖీకి ఆలస్యం కావడం నాకు గిట్టదు. కొండ అడ్డదారిన నడిచి వస్తున్నాను."

చెప్పాలి. వెనక్కి వెళ్ళిపొమ్మని చెప్పాలి. చెబితే ఎందుకో చెప్పాలి. ఎనిమిదిమందిని తెచ్చి ఇద్దర్ని పోగొట్టానని చెప్పాలి. మినోరి నోరు తెరిచింది, మాట రాలేదు.

"ఏమిటీ, మైకులో ఏదో అంటున్నారు... ఎలుగు... ఏమిటీ? కుజెగారూ! ఇక్కడ పొదల్లో ఏదో కదులుతోంది. పెద్దదే. ఇటే వస్తోంది. కుజెగారూ, నల్లగా..."

ఒక కేక. కొమ్మలు విరిగిన చప్పుడు. ఫోన్ ఆగిపోయింది.

ముగ్గురు. మినోరి హాల్లో చాప మీద కూలబడింది. తనిఖీ బాగోకపోతే మార్చిలో ఒప్పందం ముగిసి ఉద్యోగం పోతుందన్న భయం ఇప్పుడు ఆమెకి ఎంతో ముద్దుగా కనిపించింది. పొద్దున్న దాకా తనకున్న భయాలన్నీ ఎంత చిన్నవో, ఎంత హాయిగా ఉండేవో!

అప్పుడు ఎర్ర తెర పక్కకి తొలిగింది. తలకి తువ్వాలు చుట్టుకుని, కర్ర టకటకలాడిస్తూ ఒక ముసలమ్మ బయటికొచ్చింది.

"ఏమే పిల్లా, నీళ్ళు తియ్యమన్నది నువ్వేనట. మా అమ్మ కూడా నన్నిలా స్నానం మధ్యలో లేపలేదు."

మినోరి చూసింది. మళ్ళీ చూసింది. "త్సునెగారూ!"

"నేను కాక ఎవరు?"

"మీరు... కొండ మీద ఉన్నారు కదా!"

"ఈ కాళ్ళతోనా? నన్ను ఎగతాళి చేస్తున్నావా?" త్సునె చేతిలోని పట్టీని ఊపింది. అది ఎర్రగా ఉంది. "ఇదిగో, నీ పట్టీ. తడిస్తే ఒరుసుకుంటోందని కొళాయికి తగిలించాను. తీసుకో."

"ఇది ఒనోదెరాగారిది! మీ దగ్గర ఎందుకుంది?"

"ఆయనకి ఎరుపు కట్టావు, నాకు నీలం కట్టావు. ఎర్ర తెర ఆడవాళ్ళది, నీలం తెర మగవాళ్ళది. ఇది ఏ పసివాడినడిగినా చెబుతాడు. పాపం, చదువుకున్న పిల్ల, కంగారులో తికమకపడింది, నలుగురిలో అంటే చిన్నబుచ్చుకుంటుందని టీ తాగేటప్పుడు మేమిద్దరమూ మార్చేసుకున్నాం. మిగతా ఆడవాళ్ళకి ఎరుపే, మగవాళ్ళకి నీలమే ఉన్నాయి కదా."

మినోరి సుగి వైపు తిరిగింది. "నీలం పట్టీ మనిషి బయటికి వెళ్ళారన్నారే. ఆడా, మగా?"

"మగాయనే. పొడుగాటి ఆయన."

"ఆ మాట చెప్పరేం!"

"మీరు అడిగారా? 'వెళ్ళారు' అన్నాను. పెద్దవాళ్ళని అలాగే కదా అంటాం," అంది సుగి మర్యాదగా.

ట్యాబ్‌లో చుక్క ఇప్పుడు వెదురుపొదల మధ్య నిలిచి ఉంది. అంటే కొండ మీద పొదల్లో ఉన్నది ఒనోదెరా. పొద్దున్నే నల్లటి పొడుగు కోటు వేసుకుని బస్సెక్కిన ఒనోదెరా. స్నానానికి ముందు చెవి మిషన్ తీసేసిన ఒనోదెరా. అటు వైపే అయిదు తుపాకులు వెళ్ళాయి. పంపించింది తను.

అంతవరకు ఎర్ర తెర కూడా దాటలేకపోయిన మినోరి సత్రం చెప్పులతోనే కొండ వైపు పరిగెత్తింది. చెప్పు ఒకటి కాలువ దగ్గర, రెండోది రెండో మలుపులో పోయాయి. ముల్లు గుచ్చుకున్నదీ తెలియలేదు. "దేవుడా, అయిదు నిమిషాలు. అయిదే నిమిషాలు" అని గొణుక్కుంటూ ఎక్కింది. పైకి చేరేసరికి వేటగాళ్ళు వరసగా మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ముప్పై గజాల అవతల వెదురు ఆకులు ఊగుతున్నాయి. వాటి మధ్య నల్లగా ఏదో వంగుతోంది, లేస్తోంది.

"కాల్చకండి! అది ఒనోదెరాగారు!"

ఇకారి కన్ను తిప్పలేదు. "ఎత్తుకుపోయింది త్సునెగారినన్నారు కదా?"

"త్సునెగారే ఒనోదెరాగారు! ఒనోదెరాగారే త్సునెగారు! పట్టీలు మారిపోయాయి!"

"మరి ఎలుగుబంటి ఎవరమ్మా?"

"ఎలుగుబంటి లేదు!"

"లేకపోతే అంత నల్లగా ఏం కదులుతోంది? పక్కకి తప్పుకో."

మినోరి తప్పుకోలేదు. ట్యాబ్ చేతిలో ఉండగానే చేతులు రెండూ చాచి తుపాకులకి అడ్డంగా నడిచింది. వెనక అయిదు తుపాకులు, ముందు ఏముందో తెలియదు. ఒకవేళ నిజంగానే ఎలుగుబంటి అయితే? ఆ ఆలోచన వచ్చేసరికి ఆమె పొదల్లోకి అడుగు పెట్టేసింది. ఇక వెనక్కి తిరగడానికి వీల్లేదు.

ఆకుల అవతల ఒక గొంతు వినబడింది. చెవి వినబడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతు.

"ఎడమ కాలు ముందు! ఆ, అదే కొమ్మ. తొందరేం లేదండీ, నేను చూస్తున్నాను. రైల్లోంచి తాగినవాళ్ళని, నిద్రపోయినవాళ్ళని ఎంతమందిని దింపలేదు!"

పళ్ళచెట్టు కింద ఒనోదెరా చేతులు పైకెత్తి నిలబడి ఉన్నాడు. చెట్టు మీద, నేలకి మూడు నిలువుల ఎత్తున, సూటు వేసుకుని టై కట్టుకున్న అమానుమా కొమ్మని కౌగలించుకుని కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ఒనోదెరాగారూ!" మినోరి ఆయన చెయ్యి పట్టుకుంది. అప్పుడు గానీ ఆమెకి ఏడుపు రాలేదు.

"ఏంటమ్మా, భోజనానికి వేళైందా?" ఆయన జేబులోంచి చెవి మిషన్ తీసి పెట్టుకున్నాడు. "ఇక్కడ మా రైలు నడిచేది. పట్టాలు తీసేసి ముప్పయ్యేళ్ళయింది, పొదలు పెరిగిపోయాయి. అయినా నా కాళ్ళకి తెలుసు. సొరంగం దాకా వెళ్ళి చూసొద్దామని బయల్దేరాను. దారిలో ఈయన నన్ను చూసి కెవ్వుమని చెట్టెక్కేశాడు. పళ్ళ దొంగ అనుకున్నాను. తీరా చూస్తే ఎక్కడం తెలుసుగానీ దిగడం రాదు."

ఆకుల చాటు నుంచి ఇకారి, నలుగురు వేటగాళ్ళూ బయటికొచ్చారు. అమానుమా కళ్ళు తెరిచి తుపాకుల్ని చూసి, కొమ్మ వదిలేశాడు. ఆయన సగం దూరం జారాడు, సగం దూరం ఒనోదెరా మీద వాలాడు. ఆ పెద్దాయన తూలలేదు.

"ఒళ్ళంతా వణుకుతోందండీ మీకు." ఒనోదెరా తన నీలం పట్టీ విప్పి అమానుమా చేతికి కట్టాడు. "నాకంటే ఇది మీకు అవసరం."

మినోరి సంకలో ఉన్న ట్యాబ్ వెంటనే కీచుమంది. త్సునె. నాడి నూట యాభై ఎనిమిది. ప్రమాదం.

కొండ దిగేటప్పుడు అమానుమాకి ఒక పక్క ఒనోదెరా, ఒక పక్క ఇకారి ఆసరా ఇచ్చారు. మినోరి వెనకాల ఉత్త కాళ్ళతో నడిచింది.

"మీకు భయం వెయ్యలేదా ఒనోదెరాగారూ? ఒక్కరే, ఆ పొదల్లో?" అని అడిగింది.

"ఆశ్రమంలో మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు వేస్తుందమ్మా," అన్నాడాయన. "ఇక్కడ ఎందుకు వేస్తుంది?"

సత్రం చేరాక అమానుమాకి దుప్పటి కప్పారు. వేడి టీ తాగినా ఆయన పళ్ళు ఇంకా టకటకమంటూనే ఉన్నాయి. త్సునె ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరింది. "ఊపిరి మెల్లగా తీసుకో నాయనా. మా చిన్నవాడూ ఇంతే, పిరికి సన్నాసి." ఆమె చెయ్యి పడ్డ కాసేపటికి నాడి నూరుకి దిగింది. మినోరి పద్ధతిగా మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు చాపకి ఆనించి మొదటి నుంచీ చెప్పేసింది. రంగులు, చుక్కలు, తూము, మైకు, ఫోన్‌లో తను నోరెత్తకపోవడం, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక తల ఎత్తడానికి భయపడింది.

ఎంతసేపటికీ తిట్లు రాలేదు. తల ఎత్తి చూస్తే అమానుమా కూడా నుదురు చాపకి ఆనించి ఉన్నాడు.

"కుజెగారూ, మీ పరిశోధన ఇంకో రెండేళ్ళు సాగాలని నేను రాస్తాను," అన్నాడాయన వీలైనంత మెల్లగా. "రంగులు మాత్రం మార్చండి. నా మనవి ఒక్కటే. ఆ టోఫు అమ్మే ఆయన చెట్టు మీద నన్ను ఫోటో తీశాడు. అది మా కార్యాలయానికి చేరకూడదు. మా పై అధికారి చాలా నవ్వే మనిషి."

మినోరి ఆయన్ని పరిశీలనగా చూసింది. ఆ చెమట, ఆ పొడారిన పెదవులు, ఆ అర్థింపు, అన్నీ ఆమెకి బాగా తెలిసినవే. అవి ఎదుటి మనిషి మొహం మీద చూడడం మాత్రం అదే మొదటిసారి. "భయపడకండి," అంది. ఆ మాట తను ఇంకొకరికి చెప్పగలనని ఆమె అనుకోలేదు.

తర్వాతి నెలలో మినోరి నివేదిక అచ్చయింది. అందులో చెట్టు ఊసు ఎక్కడా లేదు. ఎలుగుబంటి ప్రస్తావన మాత్రం నాలుగుచోట్ల ఉంది, నిజానికి ఆ రోజు కొండ మీద లేనిది అదొక్కటే.